పీల్చే గొట్టం, ఊదే గొట్టం



మొన్న ఆదివారం నువ్వు గన్నవరం వచ్చి, వాకిట్లో మామిడిచెట్టు కింద బండి ఆపి, బానెట్ ఎత్తి, డిక్కీలోంచి అట్టపెట్టె తీశావు. నీలంరంగు సిలికాన్ గొట్టాలు, ఇంజిను వదిలే గ్యాసులోని నూనెను పట్టే తళతళలాడే అల్యూమినియం డబ్బా, గుప్పెడు టీ జాయింట్లు. "మావయ్యా, ఈ క్యాచ్ క్యాన్ ఎక్కడ బిగించమంటావ్?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు మీ అత్త అన్నానికి పిలిచింది. తినేసరికి నీకు బెజవాడలో పని గుర్తొచ్చింది. మాట అక్కడే ఆగింది.

ఆగడమే మంచిదైందిరా. "ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తే అది సగం జవాబు. మిగతా సగం తెలియకుండా గొట్టం కోసేస్తే, ఇంటికి తిరిగి రావడం నీ బండి దయ. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు. కత్తెర మాత్రం చదివాక పట్టుకో.

నాకొచ్చిన విద్యంతా బెజవాడ ఆటోనగర్ పెట్టిన భిక్ష. అది 1966లో మొదలైంది. నేను హెల్పర్ కుర్రాడిగా చేరేనాటికి షెడ్లు కొన్నే, లారీలు మాత్రం బారులు తీరి ఉండేవి. నాకు అప్పజెప్పిన మొదటి పని ఏంటో తెలుసా? లారీ ఇంజిను పక్కన కిందికి వేలాడే ఇనప గొట్టాన్ని తీగ పెట్టి శుభ్రం చేయడం. దాన్ని బ్రీదర్ అంటారు. దాని చివర ఎప్పుడూ ఒక నల్లటి బొట్టు ఊగుతూ ఉండేది. ఆ రోజుల్లో హైవే మీద నిలబడి చూస్తే, దారి మధ్యలో నల్లగా ఒక చార సాగిపోతూ కనపడేది. అది ఒక్క బండి పని కాదు. వేలాది బ్రీదర్లు బొట్టుబొట్టుగా గీసిన గీత.

ఆ గొట్టం దేనికని మా మేస్త్రిని అడిగితే, ఇంజిను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి నా అరచెయ్యి దాని మీద పెట్టించాడు. వెచ్చగా, జిడ్డుగా, ఫుక్‌ఫుక్‌మని ఊపిరి తగిలింది. పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా, లోపల మంట మండిన ప్రతిసారీ పిసరంత గ్యాసు పక్కనుంచి జారి, కింద ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి దిగుతుంది. మన మెకానిక్కులు "బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది" అనేది దీన్నే. కొత్త ఇంజినులో కొంచెం, అరిగిన ఇంజినులో ఎక్కువ. అసలు లేని ఇంజిను మాత్రం ఉండదు. ఆ గ్యాసులో కాలని ఇంధనం ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది, ఆయిల్ తుంపర ఉంటుంది. బయటికి పోనివ్వకపోతే అదే ఆయిల్లో కలిసి బురద చేస్తుంది, లోపలే నిలిచి ఒత్తిడి పెంచుతుంది. మీ తాతయ్య పొలంలో ఆయిలింజినుకూ, మన పెద్ద అంబాసిడర్‌కూ ఈ ఊపిరి గొట్టం ఉన్నది అందుకే.

ఆ ఊపిరిని ఊళ్లోకి వదలకుండా మళ్లీ ఇంజినుకే తినిపించాలన్న ఆలోచన ఎక్కడిదో తెలిస్తే నవ్వుకుంటావు. రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకులు లోతైన నీళ్లలో దిగి ఏరు దాటాలి. బ్రీదర్ కిందికి తెరిచి ఉంటే నీళ్లు అందులోంచే ఇంజినులోకి పోతాయి. అందుకని ఆ గొట్టాన్ని మూసి, ఇంజిను పీల్చుకునే గాలి దారిలో కలిపి, మధ్యలో ఒక వాల్వు పెట్టారు. యుద్ధం అయ్యాక కార్లకు దాని అవసరం ఎవరికీ కనపడలేదు. తర్వాత లాస్ ఏంజిలెస్ మీద పొగమంచు కమ్ముకుంది. కాలని ఇంధనపు ఆవిరే దానికి మూలమని హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త 1950లలో తేల్చాడు. 1961 మోడల్ కార్లతో మొదలుపెట్టి కాలిఫోర్నియాలో ఆ వాల్వు కార్లకెక్కింది. ఇవాళ నీ బండిలో పీసీవీ అని పిలిచేది ఆ ట్యాంకు వాల్వు మనవణ్ణే.

ఇంతవరకూ తేలిక. టర్బో లేని పెట్రోలు ఇంజినులో థ్రాటిల్ వెనక, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డులో, దాదాపు ఎప్పుడూ వాక్యూమే. ఐడ్లింగులో ఆరోగ్యంగా ఉన్న ఇంజినుకు మీటరు పెడితే ముల్లు సుమారు 18 నుంచి 20 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఆ వాక్యూమ్ పీసీవీ గొట్టం గుండా క్రాంక్‌కేసును పీలుస్తుంది. పీల్చిన ఖాళీలోకి రెండో గొట్టం నుంచి, ఎయిర్ ఫిల్టరు వడకట్టిన మంచి గాలి వస్తుంది. ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోయే గాలిలాగా లోపలంతా కడిగినట్టు ఉంటుంది.

టర్బో వచ్చాక ఈ లెక్క తిరగబడింది. పోయే పొగతో చక్రం తిప్పి, ఆ చక్రంతో వచ్చే గాలిని కుదించే ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కార్లలోకి అమెరికాలో 1962లో వచ్చింది. మన రోడ్ల మీద డీజిలు బండ్ల పుణ్యమా అని ఇంటింటి మాటయింది. పెట్రోలులో 2013లో పోలో జీటీ, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వచ్చాక మీ కుర్రాళ్ల చేతికి చిక్కింది. పెట్రోలు టర్బో బండిలో అదే మానిఫోల్డు నువ్వు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పీలుస్తుంది, హైవే ఎక్కి తొక్కినప్పుడు ఊదుతుంది. ఒకే గది, ఒకే గొట్టం, రెండు గుణాలు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా నీకు నువ్వే చెప్పుకోగలవు.

ఎక్కలేదంటే మన బుడమేరు వాగు దగ్గరికి రా. దానికి రెండు దారులు. ఒకటి పుట్టుకతో వచ్చినది, ఎనికేపాడు మీదుగా మన పక్కనుంచే కొల్లేటికి పోయేది. రెండోది మనిషి తవ్వినది, వెలగలేరు నుంచి ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో కలిపే డైవర్షన్ కాలువ. మామూలు రోజుల్లో కృష్ణ మట్టం కింద ఉంటుంది కాబట్టి కాలువ నీళ్లు వాటంతటవే అందులోకి జారిపోతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో మనం కళ్లారా చూశాం. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. పెద్దేరు ఎత్తున నిలబడ్డాక చిన్నేరు కలిసేదెక్కడ? పోవాల్సిన నీళ్లు పోలేదు, పైనుంచి వచ్చేవి ఆగలేదు. గట్టుకు గండ్లు పడ్డాయి. బెజవాడ సింగ్‌నగర్ డాబాల మీద జనం రోజుల తరబడి పాలప్యాకెట్ల కోసం ఆకాశం కేసి చూశారు.

ఇప్పుడు నీ బానెట్ ఎత్తి చూడు. క్రాంక్‌కేసు బుడమేరు. మానిఫోల్డు కృష్ణ. పీసీవీ గొట్టం డైవర్షన్ కాలువ. ఐడ్లింగులో కృష్ణ కింద ఉంటుంది, గ్యాసు అటు పోతుంది. తొక్కినప్పుడు కృష్ణ పొంగుతుంది, అంటే మానిఫోల్డులో బూస్ట్ నిండుతుంది. అది వెనక్కి క్రాంక్‌కేసులోకి తన్నకుండా మధ్యలో ఒక తలుపు కావాలి. అదే చెక్ వాల్వు. ఒకవైపే తెరుచుకునే తలుపు, ఎదురు ఒత్తిడి రాగానే దానంతటదే మూసుకుంటుంది. తలుపు మూశాం సరే, అప్పుడు గ్యాసు ఎటు పోవాలి? కొల్లేటి దారిన. వాల్వ్ కవరు నుంచి టర్బో మూతి ముందున్న గొట్టంలోకి వెళ్లే రెండో బ్రీదర్ అదే. టర్బో గాలిని లాగుతున్నప్పుడు అక్కడ కొద్దిగా పీల్పు ఉంటుంది, గ్యాసు అటు మళ్లుతుంది. ఐడ్లింగులో మంచి గాలి లోపలికి వచ్చిన గొట్టమే బూస్ట్‌లో చెడ్డగాలిని బయటికి మోస్తుంది. కంపెనీకో పద్ధతి ఉండొచ్చు, కొన్నింట్లో వాల్వులన్నీ కవరులోనే దాచి పెడతారు. సూత్రం మాత్రం ఇదే.

అందుకని అల్లుడూ, ఏ గొట్టం మీద చెయ్యి వేసినా ముందు రెండు ప్రశ్నలు అడుగు. ఇది ఎప్పుడు పీలుస్తుంది? ఎప్పుడు ఊదుతుంది? రెంటికీ జవాబు తెలియని గొట్టాన్ని కదిలించకు.

తలుపు పాడైతే, లేదా రెండో దారి పూడిపోతే, గండి ఎక్కడ పడుతుందో చెప్పనా? బలహీనమైన చోట. ముందు డిప్‌స్టిక్ అంగుళం పైకి లేస్తుంది. తర్వాత వాల్వ్ కవరు గాస్కెట్ చెమ్మగిల్లుతుంది. ఆ తర్వాత క్రాంకు వెనక ఆయిల్ సీలు కారుతుంది, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. అన్నిటికంటే మోసకారి గండి టర్బో దగ్గర పడుతుంది. టర్బో ఇరుసుకు ఆయిల్ సన్నగొట్టంలో ఒత్తిడితో వస్తుంది, లావు గొట్టంలో తన బరువుతో తాను కిందికి జారి సంపులో పడుతుంది. దాన్ని తోసేవాడు ఎవడూ లేడు, అందుకే తిరుగు గొట్టం అంత లావు. క్రాంక్‌కేసులో ఒత్తిడి నిలబడితే ఆ నూనె జారదు, వెనక్కి నిలుస్తుంది, ఇరుసు సీళ్లు దాటి పొగగొట్టంలోకీ గాలిగొట్టంలోకీ కారుతుంది. బండి నీలంగా పొగ కొడుతుంది. చూసినవాడల్లా "టర్బో పోయింది" అంటాడు.

నేనూ అన్నాను. కైకలూరు వైపు నుంచి ఒక చేపల చెరువు రైతు డీజిలు బండి తెచ్చాడు, నీలం పొగ, టర్బో మూతిలో ఆయిల్ మడుగు. చూసిన అర నిమిషంలో తీర్పు చెప్పేశాను. పట్టుబడి డబ్బు పట్టుకొచ్చి కొత్త టర్బో వేయించుకున్నాడు. మూడు వారాలకి మళ్లీ అదే పొగతో షెడ్డు ముందు ఆగాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఈసారి తలకాయ దించుకుని మొదటినుంచీ వెతికాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా కింద బ్రీదర్ గొట్టం నలిగి చపాతీలా అతుక్కుపోయి ఉంది. ఎప్పుడో ఎవరో డబ్బా బిగించేటప్పుడు దాన్ని కింద ఇరికించేశారు. మొదటిసారి ఆ డబ్బా విప్పి బిగించింది నేనే. గొట్టం నా చేతుల్లోంచే వెళ్లింది. కంటికి కనపడింది, బుర్రకెక్కలేదు. పాత టర్బోను బల్ల మీద పెట్టి ఇరుసు కదిపి చూస్తే ఆట లేదు, పాపం దానికేమీ కాలేదు. నా మజూరీ తిరిగిచ్చేశాను. టర్బో డబ్బు తిరిగివ్వగలిగే స్తోమత ఆ రోజు నాకు లేదు. అప్పట్నుంచి పొగ కొడుతూ బండి వస్తే ముందు ఊపిరి గొట్టాలు చూసి, ఆ తర్వాతే టర్బో వైపు చూస్తాను.

ఇక వాక్యూమ్, బూస్ట్ సన్నగొట్టాల సంగతి. నువ్వు టీ జాయింట్లు గుప్పెడు కొన్నావు చూడు, నాకు భయం వేసింది వాటిని చూసే. మానిఫోల్డు నుంచీ టర్బో నుంచీ వచ్చే సన్నగొట్టాలు నీకు గాలిగొట్టాల్లా కనపడతాయి. నిజానికి అవి వార్త మోసే తీగలు. ఒక తీగకు పదిమంది ఇళ్ల కనెక్షన్లు తగిలిస్తే ఎవరింట్లోనూ బల్బు సరిగా వెలగదు.

మొదటిది బ్రేకు బూస్టరు గొట్టం. దాన్ని ముట్టుకోకు. టీ వేయకు, కోయకు, గేజికోసం అరువు తీసుకోకు. బ్రేకు మీద నీ కాలుకు సాయం చేసేది ఆ వాక్యూమే. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు: ఇంజిను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కు, రాయిలా గట్టిపడుతుంది. కాలు అలాగే అదిమిపెట్టి స్టార్ట్ చెయ్యి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరుకు ఊపిరి అందుతున్నట్టు. దిగకపోతే బండి తీయకు.

రెండోది వేస్ట్‌గేట్ గొట్టం. బూస్ట్ ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించే తలుపుకు, "ఇక చాలు" అని కబురు చేరవేసేది అదే. టర్బో ఊదే గాలిలోంచే దానికి ఒత్తిడి అందుతుంది. అది ఊడితే కబురు చేరదు, తలుపు తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటుతుంది. వాక్యూమ్‌తో నడిచే వీజీటీ, అంటే రెక్కలు కదిలే టర్బో, ఉన్న డీజిళ్లలో కథ తలకిందులు. 2007లో స్విఫ్ట్‌తో మన ఊళ్లకొచ్చిన 1.3 మల్టీజెట్ ఉంది చూడు, అందులో 75 గుర్రాల రకానికి మామూలు టర్బో, ఎర్టిగా, సియాజ్‌లలో వచ్చిన 90 గుర్రాల రకానికి వీజీటీ. వీజీటీలో రెక్కలను మూసి బూస్ట్ పెంచేది వాక్యూమ్. ఆ గొట్టం చిట్లితే రెక్కలు తెరుచుకుని ఉండిపోతాయి. పికప్ చచ్చిపోతుంది. అదే చిల్లు, అదే నాలుగు మిల్లీమీటర్ల గొట్టం. ఒక బండిలో బూస్ట్ హద్దు మీరుతుంది, ఇంకో బండిలో బూస్టే ఉండదు. అందుకే "నా స్నేహితుడి బండికి ఇలాగే చేశాం" అనే మాట నా దగ్గర చెల్లదు. కొత్త బండ్లలో కొన్నింటికి ఈ పని కరెంటు మోటారు చేస్తుంది, అక్కడ నీకు గొట్టమే దొరకదు.

మూడోది డైవర్టర్ వాల్వు గొట్టం. తొక్కి ఒక్కసారి కాలు తీసినప్పుడు, మూసుకున్న థ్రాటిల్‌కు కొట్టుకుని గాలి వెనక్కి తిరిగి టర్బో రెక్కల మీద పడకుండా దారి ఇచ్చేది. దానికి కబురు థ్రాటిల్ వెనకనుంచే అందాలి. పాత తరహా బండ్లలో ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్‌కూ ఇలాంటి గొట్టమే ఉంటుంది. బూస్ట్‌కు తగ్గట్టు పెట్రోలు ఒత్తిడి పెంచేది అదే, కాబట్టి అది కారితే బూస్ట్‌లో పెట్రోలు తక్కువై పిస్టన్ మాడుతుంది. వీటికి ఎవరి గొట్టం వాళ్లకి ఉండనివ్వు. బూస్ట్ గేజి పెట్టుకోవాలని ఉబలాటంగా ఉంటే దానికొక్కదానికి వేరే రంధ్రం చూసుకో, మిగతా వాటి నోటి దగ్గర ముద్ద లాక్కోకు.

గొట్టం వేసే చేతిపని గురించి నాలుగు మాటలు. విప్పకముందే ఫోన్‌తో నాలుగు వైపులనుంచి ఫొటోలు తియ్యి. తర్వాత ప్రతి గొట్టానికీ రెండు చివర్లా టేపు చుట్టి నంబరు వెయ్యి. ఒకేసారి పది విప్పకు, ఒకటి విప్పి ఒకటి వెయ్యి. పాత గొట్టాన్ని పైనుంచి చూసి మోసపోకు. వేలు కిందికి పోనిచ్చి అడుగున నిమురు. వేడి తగిలేది అటే, పగిలేదీ అటే. రెండు వేళ్లతో నొక్కితే చిటపటమంటే దాని పని అయిపోయింది. మరీ మెత్తగా ఉబ్బిపోతే నూనె తాగిందని గుర్తు.

ఆ నీలం సిలికాన్ గొట్టం వేడికి బాగా ఓర్చుకుంటుంది, వాక్యూమ్‌కీ బూస్ట్‌కీ మంచిదే. కానీ నూనె ఆవిరికి పనికిరాదు. కొన్నాళ్లకి పైన చెమట పట్టినట్టు జిడ్డు ఊరుతుంది. బ్రీదర్లకు నూనెకు ఓర్చే రబ్బరు గొట్టమే వాడు. గోడ మందంగా ఉండాలి, పల్చటి గొట్టం వాక్యూమ్‌కు లోపలికి పీక్కుపోయి మూసుకుంటుంది. నిలువునా లాగి బిగించకు, ఇంజిను తన మౌంటుల మీద ఊగుతుంది, ఆ ఊపుకు సరిపడా వదులు ఉంచు. మడత పడేలా మలుపు తిప్పకు. టర్బో వేడివైపు నుంచి జానెడు ఎడం పెట్టు, రాత్రిపూట గట్టిగా తోలిన బండిలో అది కొలిమిలో ఇనుములా ఎర్రబడటం నేను చూశాను. ఎక్కడైనా అంచుకు రాసుకుంటుంటే అక్కడ ముక్క తొడుగు వెయ్యి. బూస్ట్ తగిలే ప్రతి చివరా క్లిప్పు ఉండాలి. పీల్చేటప్పుడు దానంతటదే అతుక్కునే గొట్టం ఊదేటప్పుడు ఎగిరిపోతుంది.

చెక్ వాల్వు కొత్తది తెచ్చాక నోటితో ఊది చూడు. ఒకవైపు పోవాలి, రెండోవైపు ఆగాలి. వీజీటీ డబ్బాలకూ సన్నగొట్టాలకూ మందులషాపులో దొరికే పెద్ద సిరంజి చాలు. లాగి పట్టుకుంటే పిస్టన్ తిరిగి రాకూడదు. అన్నీ బిగించాక సబ్బునీళ్లు రాసి బుడగలు చూడు. ఊదుబత్తి పొగతో చూసే అలవాటు కొందరికుంది. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పు పట్టుకుని తిరగకు.

చివరిగా నీ క్యాచ్ క్యాన్. ముందు నన్నడిగినది కాదు, నిన్ను నువ్వు అడగాల్సింది: నీకది అవసరమా? పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనక పెట్రోలు తగలదు. బ్రీదర్ తెచ్చిన నూనె ఆవిరి అక్కడ పేరుకుని నల్లగా గట్టిపడుతుంది. అక్కడ డబ్బాకు అర్థం ఉంది. వాల్వు వెనకే పెట్రోలు చిమ్మే బండి అయితే ఆ పెట్రోలే వాల్వును కడుగుతుంది, డబ్బా ఎక్కువగా నీ సరదాకే.

పెట్టాలనుకుంటే, దారి మధ్యలో చెరువులా పెట్టు, దారి చివర మురుగుగుంటలా కాదు. వాల్వ్ కవరు నుంచి వచ్చిన గొట్టం డబ్బాలోకి, డబ్బా నుంచి మళ్లీ టర్బో మూతిలోకి. చివర చిన్న ఫిల్టరు పెట్టి గాల్లోకి వదిలేద్దామని ఎవరైనా చెబితే వినకు. పీసీవీ అటు పీలుస్తూనే ఉంటుంది, ఈ ఫిల్టరు గుండా లెక్కలోకి రాని గాలి దొంగగా దూరుతుంది. గాలి కొలిచే సెన్సరు ఉన్న బండిలో కంప్యూటరు లెక్క తప్పి ఐడ్లింగు ఊగిసలాడుతుంది. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన తీరు మార్చొద్దంటుంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. వారంటీ ఉంటే పెట్టేముందే రెండుసార్లు ఆలోచించు.

డబ్బా లోపల జాలీయో, అడ్డుగోడలో ఉండాలి. ఖాళీ డబ్బా అయితే గ్యాసు ఇటు దూరి అటు పోతుంది, నూనె ఆగదు. గొట్టం లావు కంపెనీదానికంటే తగ్గకూడదు. గొట్టం మధ్యలో ఊయలలా వేలాడకూడదు, ఆ వంపులో నీళ్లూ నూనే నిలిచి దారి మూస్తాయి. కవరు నుంచి డబ్బాకు వాలు ఉండేలా చూడు. మన డెల్టా గాలిలో తేమ నీకు తెలియనిది కాదు. వానాకాలంలో, ఇంటినుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తోలి ఆపేసే బండిలో, ఇంజిను సరిగా వేడెక్కక ఆవిరి నీరవుతుంది. డబ్బా తెరిస్తే కాఫీ మీద నురగలాంటిది కనపడుతుంది. ఆయిల్ మూత కింద లేత పసుపు మీగడా అదే. బెంబేలెత్తి హెడ్ గాస్కెట్ పోయిందనుకోకు. కూలెంటు తగ్గకపోతే, నెలకోసారి ఏలూరు దాకా తోలుకురా, పోతుంది. డబ్బా మాత్రం నిండేదాకా ఆగకు, వారం వారం ఒంపెయ్యి. నిండిన డబ్బా మూసిన దారితో సమానం.

మీ నాన్న డీజిలు బండికి మాత్రం ఈ ప్రయోగాలు వద్దు. పెట్రోలు ఇంజినులోలాగా డీజిలులో వేగాన్ని గాలి థ్రాటిల్ అదుపు చేయదు, గాలిగొట్టంలోకి ఆయిల్ ఎక్కువగా చేరితే దాన్నే తిని ఇంజిను తనంతట తాను రేజ్ అయిపోతుంది. తాళం తిప్పినా ఆగదు. ఆ గోల ఎప్పుడైనా ఎదురైతే, బండి కదులుతుంటే పై గేరులోనే బ్రేకు అదిమి క్లచ్ వదిలి చంపాలి. ఆగి ఉంటే అదే పని పై గేరు వేసి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని చెయ్యాలి. బానెట్ మీదికి వంగొద్దు. అరిచే ఇంజిను ముక్కలై ఎగిరితే మనిషి మిగలడు.

ఆ బుడమేరు వరద తర్వాత మునిగిన బండ్లు ఆటోనగర్‌కు వరసకట్టినప్పుడు నన్నూ పిలిచారు. మోకాళ్లు సహకరించకపోయినా వెళ్లాను. స్టార్ట్ చేయకుండా లాక్కొచ్చినవి చాలావరకు బతికాయి. "ఒక్కసారి కొట్టి చూద్దాం" అన్నవాళ్ల కనెక్టింగ్ రాడ్లు వంగాయి. గాలయినా, నీళ్లయినా, మనం చూడకుండా దూరిన చోటే దెబ్బ కొడతాయని ఆ పది రోజుల్లో ఇంకోసారి నేర్చుకున్నాను.

సరే, ఈ ఆదివారం మళ్లీ రా. డబ్బా, గొట్టాలు తెచ్చుకో, టీ జాయింట్లు మాత్రం ఇంట్లో వదిలెయ్. ముందు బండి ఐడ్లింగులో పెట్టి ఆయిల్ మూత తీసి దాని మీద ఒక పల్చటి కాగితం వేద్దాం. మెల్లగా అతుక్కుంటే అంతా బాగున్నట్టు. ఎగిరిపోతే గ్యాసు నిలుస్తున్నట్టు. మూత ఊడిరానంత గట్టిగా పీలుస్తూ ఈల వేస్తుంటే పీసీవీ పొర చిరిగినట్టు. ఆ కాగితం చెప్పేది విన్నాక, డబ్బా కావాలో వద్దో నువ్వే నాకు చెబుదువు గాని.

పప్పుచారు ఈసారి వేడిగా తిందాం. మీ అత్త కూడా అదే చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య